ఆఖరి లైను ఎవరిది

ప్రాంప్టరమ్మ గొంతు హాల్లో కూర్చున్నవాళ్ళు ఎప్పుడూ వినలేదు. వినబడిందంటే ఆమె పని చెడిందన్నమాట. స్టేజీకి కుడిపక్క తెర చాటున నిలబడి, ఎవరైనా మాట మర్చిపోతే ఆ మాట అందిస్తుంది. చాలామంది అనుకునేట్టు అది గుసగుస కాదు. గుసగుసలో గాలెక్కువ, మొదటి వరస దాకా పాకుతుంది. గొంతు బాగా కిందికి దించి, పెదవులు కదిలీ కదలకుండా, మాటని ఆ మనిషి చెవిలోకే వదలాలి. మిగతా నటులకి మొదటి మాట ఇస్తే చాలు, తక్కినది వాళ్ళే అల్లుకుపోతారు. హీరోగారికి మాత్రం వాక్యం మొత్తం ఇవ్వాలి. ఆయన ఒకటి చెబుతుండగానే రెండోది సిద్ధంగా ఉండాలి.

హీరోగారు ఆమె భర్తే. నాటక సమాజం ఆయనది, దర్శకత్వం ఆయనది, నెత్తిమీది నలుపొక్కటే షాపులో కొన్నది. ఇన్నేళ్ళలో ఒక్క లైను బట్టీ పట్టిన పాపాన పోలేదు. ఎప్పుడూ ఆమె గొంతు వినిపించే వైపే నిలబడతాడు. చెవిలో పడ్డదాన్ని పడ్డట్టే అందుకుని, దానికి ఇంత వణుకు, ఇంత కన్నీరు చేర్చి హాలు మీదికి వదులుతాడు. ఆ చేర్చడంలో మాత్రం ఆయన్ని కొట్టేవాడు లేడు. ఆయనకున్న భయమల్లా నిశ్శబ్దం. స్టేజీ మీద ఎవరు మాట మర్చిపోయి ఆగినా, తానే మర్చిపోయాననుకుని ఆయనకి చెమటలు పట్టేస్తాయి.

ఆ వారం మాత్రం భయం ఆమె వంతయింది.

ఆడబోయేది పాత నాటకం. క్లాసిక్ అని హీరోగారు రోజుకి పదిసార్లు అంటాడు. ఓడెక్కి వెళ్ళిన భర్త చాలా ఏళ్ళకి తిరిగొస్తాడు. తుఫాను రోజున ఇంట్లో ఎవరికో చోటిచ్చిందని భార్యని అనుమానించి, వానలోకి వెళ్ళగొడతాడు. ఆఖరి అంకంలో నిజం తెలుసుకుని ఆమెని వెతుక్కుంటూ వస్తాడు. అప్పుడు ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, "తప్పు నాది. మీ మనసు నొప్పించాను" అంటుంది. "నొప్పించాను" అన్న మాట వినగానే తెరలాగే తాత తాడు వదిలేస్తాడు. నాటకం అయిపోతుంది. హాల్లో ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటారు.

భార్య వేషం ఈసారి కొత్తమ్మాయికి వచ్చింది. పగలు కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది కాబట్టి సమాజంలో అందరికీ ఆమె కళ్ళద్దాలమ్మాయి. ఆ పిల్లకి నిజానికి కళ్ళజోడే లేదు. ఈ వేషం కోసం ఏడాదిగా తిరిగింది. దొరికేదాకా స్టేజీ ఊడ్చింది, కుర్చీలు సర్దింది, అందరికీ టీలు తెచ్చిపెట్టింది.

రిహార్సల్లో మొదటి రెండంకాలూ మంచినీళ్ళు తాగినంత సులువుగా చెప్పేసి, ఆఖరి లైను దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"తప్పు..." అని అందించింది ప్రాంప్టరమ్మ.

అమ్మాయి నోరు విప్పలేదు.

"తప్పు నాది..." అంది ఈసారి కొంచెం పైకి.

"వినిపించట్లేదా అమ్మాయ్?" అన్నాడు హీరోగారు.

"వినిపించింది సార్."

"మరి?"

"నోట్లోంచి రావట్లేదు సార్. ఈవిడ చేసిన తప్పేంటో చెప్పండి, నమ్మి చెప్తాను."

మేకప్ మనిషి నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నాడు. హీరోగారు ఓపిగ్గానే మొదలుపెట్టాడు.

"తప్పేంటని ఆ పాత్ర అడగదమ్మా. అడగదు కాబట్టే అంత గొప్ప పాత్రయింది. మా గురువుగారి రోజుల్నుంచీ ఆ లైను ఎవరూ ముట్టుకోలేదు. జనం దానికోసమే వస్తారు."

"కానీ సార్, వానలోకి గెంటింది ఆయన కదా?"

"గెంటాడు. కోపమొచ్చింది, గెంటాడు. ఆమె సర్దుకుపోయింది. ఇద్దరూ పట్టుబడితే ఇక సంసారమేముంది, నాటకమేముంది? ఊఁ, కానియ్."

మళ్ళీ చేశారు, మళ్ళీ అక్కడే ఆగింది. ఆ పిల్ల మొండికేస్తున్నట్టు లేదు. పెదవులు "తప్పు" దాకా వెళ్ళి వెనక్కొస్తున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. హీరోగారి ఓపిక అంతటితో ఆఖరైంది.

"శనివారం ఆట. శుక్రవారం రిహార్సల్లో ఆ లైను పలక్కపోతే పాత హీరోయిన్ని పిలిపిస్తా. ఆవిడకి మోకాళ్ళు పాడయ్యాయి గానీ నోరు శుభ్రంగా ఉంది."

ఇంటికెళ్తూ దారిలో భార్యతో అన్నాడు, "రేపు ఆ పిల్లని ఇంటికి రమ్మను. నువ్వే నేర్పు. ఆ లైను నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

మర్నాడు మధ్యాహ్నం షాపులో భోజన విరామం దొరకగానే అమ్మాయి వచ్చింది. ప్రాంప్టరమ్మ టీ పెట్టి, తినే బల్ల దగ్గర ఎదురుగా కూర్చోబెట్టుకుంది. బల్లకి ఆ చివర హీరోగారు పేపర్లో మునిగిపోయి ఉన్నాడు.

"చూడు. 'తప్పు' అన్నాక ఆగకు," అంది ప్రాంప్టరమ్మ. "ఆగావంటే, తప్పేంటా అని జనానికి ఆలోచనొస్తుంది. 'నాది'తో కలిపేసెయ్. ఒకే ఊపిరిలో."

"తప్పునాది," అంది అమ్మాయి.

"అంత హడావిడిగా కాదు. రైలందుకునేదానిలా ఉంది."

"తప్పు నాది. అక్కా, మీరు నవ్వకండి. అద్దం ముందు కూడా చెప్పి చూశాను. అద్దంలో మనిషి నన్ను నమ్మట్లేదు."

అప్పుడే హీరోగారు పేపరు తిప్పాడు. మోచెయ్యి తగిలి గ్లాసు పడింది. ఆ గ్లాసు అక్కడ పెట్టుకున్నది ఆయనే. టీ బల్లంతా పారి, స్క్రిప్టు అంచు తడిసి, కిందికి కారడం మొదలుపెట్టింది.

"నాదే తప్పులెండి, అంచున వదిలేశాను," అంటూ ప్రాంప్టరమ్మ అప్పటికే లేచి గుడ్డతో తుడిచేస్తోంది. ఆమె తుడవడానికి వీలుగా ఆయన పేపరు పైకెత్తి పట్టుకుని, చదవడం మాత్రం ఆపలేదు.

అమ్మాయి రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"అక్కా, మళ్ళీ ఒక్కసారి అనండి."

"ఏమని?"

"ఇప్పుడన్నారు కదా. నా లైను."

తను ఏమందో ప్రాంప్టరమ్మకి వెంటనే గుర్తు రాలేదు. గుర్తొచ్చాక చెవులు వేడెక్కాయి. అమ్మాయి ఎగతాళి చెయ్యట్లేదు. కొలతలు తీసుకునే దర్జీలా ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

"'నాదే' అన్నప్పుడు గొంతు కాస్త నవ్వింది. తల ముందు వంగింది, ఆ తర్వాతే మాటొచ్చింది. మాటకంటే ముందే చెయ్యి తుడవడం మొదలుపెట్టేసింది. నేనేమో ఇన్నాళ్ళూ తప్పేంటా అని వెతుకుతున్నాను. మీకు దాంతో పనే లేదు. ఒక్కసారి అనండక్కా, పట్టేసుకుంటాను."

ప్రాంప్టరమ్మ అనబోయింది. రాలేదు. వచ్చిన ముక్క కూడా కొత్త నటి మాటలా బిగుసుకుపోయి ఉంది. "ఇవాళ్టికి చాల్లే, నీకు షాపుకి ఆలస్యమవుతుంది," అని గుడ్డ పిండుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

అది మొదలు ఆమెకి తన మాటలు తనకే వినబడసాగాయి. బస్సులో ఎవడో ఆమె కాలు తొక్కాడు. "అయ్యో, నాదే తప్పు," అందామె. పక్కింటావిడ అరువు తీసుకున్న గొడుగు విరిచి తెచ్చింది. "పాతదివ్వడం నాదే తప్పులే." హీరోగారి కళ్ళజోడు కనబడలేదు, ఇల్లంతా తిరగేసి చివరికి ఆయన జేబులోనే దొరికింది. "జేబు చూసుకోమని చెప్పకపోవడం నాదే తప్పు," అని నాలిక కరుచుకుంది. ఆయన ఏమీ గమనించలేదు. ఆ మాట ఆ ఇంట్లో గడియారం చప్పుడులాంటిది మరి, ఎవరికి వినబడుతుంది? వీధంతా తిరిగొచ్చాక వెనక బట్ట చిరిగుందని తెలిసినట్టు ఆమెకి సిగ్గు, ఆ సిగ్గుతో పాటే భయం పట్టుకున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరెవరు చూశారో!

శుక్రవారం రిహార్సల్లో ఆఖరి అంకం వస్తుంటే ప్రాంప్టరమ్మ తెర అంచుకి జరిగి నిలబడింది. పిల్ల ఈసారీ ఆగితే వేషం పోతుంది. ఆగకూడదని మనసులో అనుకుంటూనే ఉంది.

అమ్మాయి ఆగలేదు. మోకాళ్ళ మీద కూర్చుంది. తల వంచింది. శాలువా కొంగుతో నేల మీద లేని మరకేదో తుడుస్తున్నట్టు చెయ్యి కదిలింది. గొంతులో చిన్న నవ్వు. "తప్పు నాది. మీ మనసు నొప్పించాను."

హీరోగారు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "అదీ! అదీ వేషమంటే! ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్?"

"అక్క నేర్పింది సార్."

"నే చెప్పలా! మా ఆవిడ నేర్పితే తిరుగుండదు." స్టేజీ మనుషులు చప్పట్లు కొట్టారు. మేకప్ మనిషి ఒక్కడు ప్రాంప్టరమ్మ వైపు చూసి, చూడనట్టు చూపు తిప్పేసుకున్నాడు. ఆ గొంతు ఎవరిదో అతనికి తెలిసిపోయింది. ఆ గొంతు పట్టుకునే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన హీరోగారికి మాత్రం తెలియలేదు. ఆమెకి అన్నిటికంటే ఎక్కువ బాధనిపించింది అదే.

శనివారం సాయంత్రం మేకప్ గదిలో అమ్మాయికి శాలువా పిన్నులు పెడుతోంది ప్రాంప్టరమ్మ. పిన్నులన్నీ అయ్యేదాకా ఆగి అంది.

"ఆ గొంతుతో అనకే."

"ఏ గొంతు అక్కా?"

"నాది. ఇంట్లో అనుకునే మాట అది. అంతమంది ముందు పెట్టకు. నిన్న నన్ను బట్టల్లేకుండా నిలబెట్టినట్టయింది."

"నాకు తట్టలేదక్కా. ఒట్టు. బాగుందని తీసుకున్నాను." అమ్మాయి శాలువా అంచు నలిపింది. "మరి ఎలా అనను?"

"నీ గొంతుతో అను."

"నా గొంతుతో అది రాదు కదా. మొదట్నుంచీ అదే చెప్తున్నాను." ఇంతలో గంట మోగింది. అమ్మాయి తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "సర్లెండి. అననులెండి."

అంత తేలిగ్గా అనేసి వెళ్ళిపోయింది. ప్రాంప్టరమ్మ పిన్నుల డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తన సిగ్గు దాచుకోవడానికి ఆ పిల్ల వేషం మీదికి తెచ్చింది తను. వెనక్కి పిలిచి, పోనీ నా గొంతుతోనే అనవే అని చెబుదామనుకుంది. అప్పటికే తెర లేచింది.

మొదటి అంకమంతా హీరోగారికి లైన్లు ఇస్తూనే ఉంది గానీ ఆమె మనసు మనసులో లేదు. రెండో అంకంలో ఒక వాక్యం ముందుది వెనక, వెనకది ముందు ఇచ్చింది. ఆయన అలాగే చెప్పేశాడు. ఎవరికీ తెలియలేదు. నోరు ఎండిపోతుంటే గోరువెచ్చని నీళ్ళు గుక్క గుక్క తాగింది. ఆట అయిపోతే బాగుండుననీ, ఆఖరి అంకం రాకుండా ఉంటే బాగుండుననీ రెండూ ఒకేసారి అనిపించాయి.

వచ్చింది. భర్త భార్యని వెతుక్కుంటూ వచ్చాడు. నిజం తెలిసిందన్నాడు. వానలో ఎంత తిరిగాడో చెప్పాడు. ఆ తిరుగుడంతా వాక్యం వాక్యం ఆమే అందించింది. ఇక అమ్మాయి వంతు.

అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చోవలసిన చోటికి వచ్చి నిలబడింది. కూర్చోలేదు. ఏమీ అనలేదు. హాలు వైపు కాదు, హీరోగారి వైపూ కాదు, కుడిపక్క తెర వైపు చూసింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్న చూపు అది.

ఎవరో దగ్గారు. ఒక కుర్చీ కిర్రుమంది.

"తప్పు" అని ఒక్క మాట ఇస్తే చాలు, పిల్ల అందుకోక తప్పదు. అందుకుంటే అదే గొంతు. ఇవ్వకపోతే రేపటికి పాత హీరోయిన్ మోకాళ్ళకి మందు రాసుకుని వచ్చేస్తుంది. ప్రాంప్టరమ్మ నోరు తెరిచింది, మూసింది.

అప్పుడు చూసిందామె, హీరోగారి మెడ మీద పౌడరు తడిసి చారికలవుతోంది. ఆయన చెవి మెల్లగా తన వైపు తిరుగుతోంది. పెదవి చివర్నుంచి, "లైను... లైనివ్వవే," అన్నాడు. ఎవరి లైనో ఆయనకి తెలియదు. ఆగిందంటే తానే ఆగాననుకున్నాడు.

ఆ చెవికి ఇవ్వకుండా ఉండటం ఆమెకి అలవాటు లేదు. అయినా ఆ క్షణంలో నోరు దానంతటది కదిలిందంటే అబద్ధం. ఏం చేస్తోందో తెలిసే చేసింది. గొంతు దించి, ఆయనకి ఇచ్చినట్టే, వాక్యం మొత్తం ఇచ్చింది.

"తప్పు నాది," అన్నాడు హీరోగారు.

తనకి చేతనైనదంతా చేర్చాడు. వణుకు చేర్చాడు, ఒక అడుగు ముందుకేశాడు, రెండు చేతులూ చాచాడు. "మీ మనసు... నొప్పించాను."

నాటకం మొదలైన దగ్గర్నుంచీ ఆ భార్యని నువ్వు అన్నాడు, ఓసి అన్నాడు, ఒకసారి ఛీ అన్నాడు. మీ అనలేదు. హాలు మొత్తం గాలి పీల్చుకోవడం మర్చిపోయినట్టయింది. ఆ చిన్న మాట నోటి నుంచి జారాక ఆయనకీ ఏదో తేడా తెలిసింది. కళ్ళు గుండ్రంగా విచ్చుకున్నాయి. కానీ తెరలాగే తాత "నొప్పించాను" అన్న మాట విన్నాడు. అది ఎవరి నోట్లోంచి వచ్చిందన్నది ఆయన పని కాదు. తాడు వదిలేశాడు.

చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు.

ముగ్గురూ మేకప్ గదిలోకి రాగానే హీరోగారు తలుపు వేశాడు. "ఏం చేశావే నువ్వు? ఎవరి లైను ఎవరికిచ్చావు?"

ఇప్పుడు ఆమె ఏమనాలో ఆ గదిలో గోడలకి కూడా తెలుసు. ఆ మాట పళ్ళ దాకా వచ్చింది. ఆమె మింగేసింది.

"నేనిచ్చాను. అందుకున్నది మీరు."

ఆయన ఏదో అనబోయేలోపే తలుపు తట్టారు. ఒక పెద్దాయన, ఆయన భార్య. పెద్దాయన హీరోగారి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "ఈ నాటకం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదండీ. ఇలా ముగించడానికి ఎంత ధైర్యం కావాలి!" పెద్దాయన భార్య వెనకే నిలబడి మెల్లగా అంది, "మీరు 'మీ' అన్నారు చూడండి. ఆ ఒక్క మాటకే వచ్చాను లోపలికి."

హీరోగారి కోపం ఎటు పోయిందో, ఛాతీ మాత్రం ముందుకొచ్చింది. "చాలా రోజుల్నుంచీ మనసులో ఉందండీ," అన్నాడు. "క్లాసిక్ అంటే మార్చకూడదని ఎక్కడుంది?" మూలన నిలబడ్డ కళ్ళద్దాలమ్మాయి నవ్వాపుకోలేక శాలువాలో ముఖం దాచుకుంది. ప్రాంప్టరమ్మకి నవ్వు రాలేదు. భయం తగ్గలేదు, దాని పక్కనే కోపం కూడా వచ్చి కూర్చుంది.

వాళ్ళు వెళ్ళాక హీరోగారు అద్దం ముందు కూర్చుని దూదితో రంగు తుడుచుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "రేపు కూడా ఆట ఉంది కదా. అలాగే ఇచ్చెయ్ ఆ లైను."

"ఇవ్వను."

దూది ఆగింది. "ఏంటీ?"

"మిగతావన్నీ ఇస్తాను. అదొక్కటి ఇవ్వను. చెప్పాలనుకుంటే మీరే బట్టీ పట్టండి."

"నేనా? బట్టీయా?"

"చిన్నదే," అంది ఆమె, శాలువా మడత పెడుతూ. మడత సరిగా రాక మళ్ళీ విప్పి పెట్టింది.

"మరి నేనేం చెప్పాలక్కా?" అంది అమ్మాయి.

"ఏం చెప్పకు. నిలబడి విను."

మర్నాడు పొద్దున్నే హీరోగారు ముందు గదిలో చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. వంటింట్లో గిన్నెలు తోముతున్న ఆమెకి ప్రతి మాటా వినబడుతోంది.

"తప్పు నాది. నీ మనసు... ఛ. తప్పు నాది. నిన్ను..."

మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ "నీ" దగ్గరే పట్టాలు తప్పాడు. "తర్వాతేంటే?" అని వంటింటి వైపు కేకేశాడు.

మాట ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఆయన ఆగిన మరుక్షణం దూకడమే దాని పని. దాన్ని పట్టి ఆపడం ఇంత కష్టమని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. కోపగించుకుంటాడేమో, రేపట్నుంచి తెర చాటుకి ఇంకొకరిని పెట్టుకుంటాడేమో. పళ్ళు బిగబట్టి గిన్నె తోముతూనే ఉంది.

అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి, అలవాటు ప్రకారం చెవి ఆమె వైపు తిప్పాడు. ఏమీ రాలేదు. చెవి వెనక్కి తిప్పుకుని, ఈసారి కళ్ళతో చూశాడు.

"మీ..." అన్నాడు, నోట్లో రాయి పడ్డట్టు. "మీ మనసు... అంతేనా?"

ఆమె కొళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుని ఆయన వైపు పూర్తిగా తిరిగి నిలబడింది.

"మొదట్నుంచీ చెప్పండి," అంది.